గాడెబుష్‌లో గెలిచి ఏం బావుకున్నారట?

స్వీడన్ యుద్ధాల మాట ఎత్తితే చాలు, మన చరిత్ర అభిమానులు గాడెబుష్ యుద్ధం అంటూ ఊగిపోతారు. స్వీడన్ చివరి మహా విజయమట! నాకైతే ఒళ్లు మండుతుంది.

గెలిచిన మాట నిజమే, కాదనను. 1712 డిసెంబర్ 20న, ఉత్తర జర్మనీలోని మెక్లెన్‌బర్గ్‌లో, గాడెబుష్ దగ్గర, స్వీడన్ సేనాని మాగ్నస్ స్టెన్‌బాక్ వెంట దాదాపు 14 వేల మంది ఉన్నారు. ఎదురుగా అంతకంటే పెద్ద డెన్మార్క్ సైన్యం, దానికి తోడు సాక్సనీ గుర్రపుదళం. డెన్మార్క్ రాజు నాలుగో ఫ్రెడరిక్ స్వయంగా అక్కడే ఉన్నాడు. డెన్మార్క్ పక్షాన ఉన్న రష్యన్లు వచ్చి కలిసేలోపే కొట్టెయ్యాలన్నది స్టెన్‌బాక్ లెక్క. స్వీడన్ ఫిరంగుల అధికారి కార్ల్ క్రోన్‌స్టెట్ తోపుల్ని ఒకచోట పాతేసి కూర్చోలేదు. గుర్రాలతో లాగించడం, దగ్గరికెళ్లి పేల్చడం, మళ్లీ ముందుకు లాగించడం. ఈ పనితనానికి ఎవరైనా దండం పెట్టాల్సిందే.

మరి తిండి? సెప్టెంబర్‌లోనే ర్యూగెన్ దీవి దగ్గర డెన్మార్క్ నౌకాదళం స్వీడన్ సరుకు ఓడల్ని ధ్వంసం చేసేసింది. సైనికులు ఒడ్డున, వాళ్ల తిండి సముద్రంలో! నా దృష్టిలో స్టెన్‌బాక్ ఓడింది ఆ రోజే. ఇక స్వీడన్ రాజుగారు 12వ చార్లెస్ పోల్టావాలో రష్యా చేతిలో చావుదెబ్బ తిని, 1709 నుంచి ఒట్టోమన్ల పంచన బెండర్‌లో ఉంటూ, సైన్యాన్ని పోలండ్ వైపు నడపమని హుకుం. అక్కడి నుంచి ఇక్కడి ఆకలి ఏం కనబడుతుంది?

కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడని మన సామెత. స్టెన్‌బాక్‌కి ఇల్లు చేరే భాగ్యం కూడా దక్కలేదు.

గెలిచిన మూడు వారాలకే, 1713 జనవరిలో, హాంబర్గ్ పక్కనే డెన్మార్క్ ఏలుబడిలో ఉన్న ఆల్టోనా పట్టణాన్ని తగలబెట్టించాడు. నడి చలికాలంలో జనం వీధిన పడ్డారు. డెన్మార్క్ వాళ్లు అంతకుముందు స్వీడన్ ఏలుబడిలోని ష్టాడెను కాల్చలేదా అని సమర్థిస్తారు కొందరు. కాల్చారు. అయితే? ష్టాడె మీద గుళ్లు కురిపించింది ఆల్టోనాలో రొట్టెలు కాల్చుకునేవాడా?

చివరికి ట్యోనింగ్ కోటలో ఇరుక్కుని, 1713 మే నెలలో ఆ సైన్యమంతా లొంగిపోయింది. స్టెన్‌బాక్ 1717లో డెన్మార్క్ చెరలోనే పోయాడు. ఈసారి ఎవరైనా గాడెబుష్ మ్యాపు పెట్టి మురిసిపోతే, ర్యూగెన్, ఆల్టోనా, ట్యోనింగ్ కూడా గుర్తుపెట్టి పంపమనండి. అప్పుడు కావాలంటే నేనూ లైకు కొడతాను.