రీప్లేలు రద్దు, రీప్లే చూడండి

జనవరి వచ్చిందంటే ఇంగ్లండ్ టీవీ వాళ్లకు పూనకం వస్తుంది. ఎఫ్‌ఏ కప్ మూడో రౌండ్ మరి. ఓడితే ఇంటికే అనే పద్ధతిలో ఇంగ్లండ్ క్లబ్బులు ఆడే ఫుట్‌బాల్ పోటీ అది. పెద్ద క్లబ్బులు బరిలోకి దిగేది అప్పుడే. ఏదో చిన్న ఊరి నాన్-లీగ్ జట్టు, అంటే పై నాలుగు డివిజన్లలో ఎక్కడా చోటు లేని జట్టు, కోట్లకు పడగలెత్తిన క్లబ్బుతో ఆడాల్సి వస్తుంది.

ఇక చూడండి. తెల్లారకముందే ఆ ఊళ్లో వ్యాను దిగుతుంది. ముందు గోల్‌కీపర్ దొరకాలి. అతను ప్లంబర్ అయితే పండగే. చేతికి పానా ఇచ్చి సింకు కింద దూరమంటారు. "ఈరోజు గోల్‌పోస్టు దగ్గర లీకులుండవు కదా?" అని అడిగి వాళ్లే నవ్వుకుంటారు. ప్లంబర్ లేకపోతే తాపీమేస్త్రీ, ఆయనా లేకపోతే బడిలో ఆటల మాస్టారు. బ్యాంకులో లోన్లు చూసుకునే లెఫ్ట్‌బ్యాక్ పాపం దువ్వుకుని వచ్చి నిలబడతాడు. అతన్ని ఎవరూ అడగరు. లోను కాగితాల్లో విజువల్ ఏముంది?

తర్వాత టీ పోసే పెద్దావిడ వంతు. ఒకసారి పోస్తుంది, ఆవిరి కనపడలేదంటారు. మళ్లీ పోస్తుంది, మైకు పనిచేయలేదంటారు. మూడోసారికి ఆవిడ చిరునవ్వు, టీ రెండూ చల్లారిపోతాయి. ర్యాంకు కొట్టిన ఆటోడ్రైవర్ కూతురి నోట్లో ఒకే స్వీటు ఆరుసార్లు పెట్టించే మన ఫొటోగ్రాఫర్లు గుర్తొస్తే ఆ తప్పు నాది కాదు.

ఇదంతా అయ్యాక స్టూడియోలో కోట్లు వేసుకున్న పెద్దమనుషులు గొంతు సవరించుకుంటారు. "ఇదండీ ఎఫ్‌ఏ కప్ మహిమ!" అంటారు. అని, రాడ్‌ఫర్డ్ గోలు వీడియో వేస్తారు.

రోనీ రాడ్‌ఫర్డ్. వృత్తి వడ్రంగం. 1972 ఫిబ్రవరి 5న హెర్‌ఫర్డ్ యునైటెడ్ ఆటగాడు. ఎడ్గర్ స్ట్రీట్ మైదానం దమ్ము చేసిన వరిమడిలా ఉంది. అప్పట్లో అన్నిటికన్నా పైదైన ఫస్ట్ డివిజన్ జట్టు న్యూకాజిల్ 1-0తో ముందుంది, మ్యాచ్ ముగియడానికి ఇంకా కొద్ది నిమిషాలే. బురదలో బంతి గుంజుకున్నాడు, ఒకరికిచ్చి మళ్లీ తీసుకున్నాడు, దాదాపు 30 గజాల నుంచి తన్నాడు. అది గోలు పైమూలకు వెళ్లి తగిలింది. పార్కాలు, అంటే తలకప్పు ఉన్న చలికోట్లు, వేసుకున్న పిల్లలు గుంపుగా మైదానంలోకి ఉరికారు. ఎక్స్‌ట్రా టైమ్‌లో సబ్‌స్టిట్యూట్ రికీ జార్జ్ ఇంకో గోలు కొట్టాడు. నాన్-లీగ్ జట్టు గెలిచింది. ఆ వేసవిలోనే క్లబ్బుల ఓట్లతో ఫుట్‌బాల్ లీగ్‌లోకి, అంటే ఆ పై నాలుగు డివిజన్లలోకి, వెళ్లింది కూడా.

టీవీలో చెప్పని ముక్క ఒకటుంది. అది రీప్లే మ్యాచ్. న్యూకాజిల్‌లో మొదటి మ్యాచ్ 2-2తో డ్రా అయింది కాబట్టే రెండోది హెర్‌ఫర్డ్‌లో జరిగింది. ఆ రెండో మ్యాచ్ అనే ఏర్పాటునే 2024-25 నుంచి మొదటి రౌండు మొదలుకొని ఎత్తేశారు. కప్ నడిపే ఫుట్‌బాల్ అసోసియేషన్, పెద్ద క్లబ్బుల ప్రీమియర్ లీగ్ కూర్చుని మాట్లాడుకుని ఎత్తేశాయి. డ్రా అయితే అదే రోజు పెనాల్టీల దాకా తేల్చుకుని ఇంటికి పోవాలి. రాడ్‌ఫర్డ్ ఇప్పుడుంటే బురదలో కాలు పెట్టే అవకాశమే ఉండదు. రీప్లే రద్దు చేశారు, రీప్లే మాత్రం ఏటా వేస్తున్నారు!

కారణం అడిగితే క్యాలెండర్ నిండిపోయిందట. యూరప్ పోటీలు పెరిగాయట. ఆటగాళ్లు అలసిపోతున్నారట. అయ్యో పాపం! ఈ ప్రకటన వచ్చింది 2024 ఏప్రిల్‌లో. మే 19న ప్రీమియర్ లీగ్ ముగిసింది. మే 22న టోటెన్‌హామ్, న్యూకాజిల్ ఎక్కడున్నాయి? మంచాల మీదనా? మెల్‌బోర్న్‌లో! 16,000 కిలోమీటర్లకు పైగా ఎగిరివెళ్లి ఫ్రెండ్లీ ఆడాయి. చూడ్డానికి 78,000 పైచిలుకు జనం. అది కూడా డ్రా అయింది, పెనాల్టీలతో న్యూకాజిల్ గెలిచింది. అవును, ఆ న్యూకాజిలే. హెర్‌ఫర్డ్‌కు వెళ్లాలంటే వచ్చే అలసట ఆస్ట్రేలియాకు వెళ్తే రాదన్నమాట.

బదులుగా కింది స్థాయి ఆటకు ఏటా 3.3 కోట్ల పౌండ్ల వరకు అదనంగా ఇస్తామన్నారు. ఇస్తారట! ఎవరడిగారు మీ దానం? 2005లో అభిమానులే నడుపుకుంటున్న ఎక్సెటర్ సిటీ అప్పుల్లో మునిగి నాన్-లీగ్‌లో ఉంది. మాంచెస్టర్ యునైటెడ్‌తో వాళ్ల సొంత మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్‌లోనే 0-0 డ్రా చేసింది. సొంతూళ్లో రీప్లే 2-0తో ఓడింది. ఓడితే ఓడింది, ఆ రెండు మ్యాచ్‌ల డబ్బుతో అప్పులో పెద్ద భాగం తీర్చుకుంది. అది భిక్ష కాదు. చెమటోడ్చి తెచ్చుకున్న కూలి. కూలి డబ్బులు లాక్కుని, ఆ చేత్తోనే దానం చేస్తున్నామని ఫొటోలకు నిలబడితే దాన్ని సిగ్గులేనితనం అనే అంటారు.

హెర్‌ఫర్డ్ యునైటెడ్ 2014 డిసెంబరులో అప్పులతో కోర్టులో మూతపడింది. అభిమానులు హెర్‌ఫర్డ్ ఎఫ్‌సీ పేరుతో మళ్లీ మొదలుపెట్టి, వరసగా మూడేళ్లు ప్రమోషన్ కొట్టారు. రాడ్‌ఫర్డ్ 2022లో పోయాడు. గోలు మాత్రం వచ్చే జనవరిలోనూ వేస్తారు, అనుమానం లేదు. వేసుకోండి. మన సినిమాల్లో హీరో సిగరెట్ వెలిగించగానే కింద ఒక హెచ్చరిక పడుతుందే, అలాంటిదొకటి పెట్టమని మాత్రం నా విన్నపం: "ఇందులో చూపించిన రీప్లే మ్యాచ్‌ను మేమే రద్దు చేశాం. దయచేసి ఎవరూ డ్రా చేయడానికి ప్రయత్నించకండి."