జియోట్యాగ్ ఫొటో గారి సముఖానికి

మహారాజశ్రీ జియోట్యాగ్ ఫొటో గారికి,

విజయవాడ ఏలూరు రోడ్డు పక్క సందులో, రెండో అంతస్తులో ఎలక్ట్రీషియన్ కోర్సు చెప్పుకునే ఒక ట్రైనర్ నమస్కరించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. గోడలు మరీ క్షేమం. తమరు వస్తున్నారని పోయిన నెలే రంగులు వేయించాం.

నలుగురూ చదివే ఉత్తరం కాబట్టి, ముందు తమరి హోదా గురించి రెండు ముక్కలు. సర్కారు పథకం కింద కుర్రాళ్లకి పని నేర్పాలంటే సెంటర్‌కి గుర్తింపు ఉండాలి. ఎన్ని గదులు, ఎన్ని చదరపు అడుగులు, ఏ జాబ్ రోల్‌కి ఏ పరికరాలు, పాఠం చెప్పేది ఎవరు, అన్నీ సెంటర్ వాళ్లే ఆన్‌లైన్‌లో నింపుకోవాలి. నింపిన వాటికి సాక్ష్యంగా తమరిని జత చేయాలి. తేదీ, టైము, అక్షాంశం, రేఖాంశం నుదుటన రాయించుకుని పుట్టిన ఫొటో తమరు. ఎక్కడో ఆఫీసులో ఒకాయన తమరిని చూసి రెడీ అనో, నాట్ రెడీ అనో అంటాడు. రెడీ అన్నాకే మనుషులు మెట్లెక్కి చూడటానికి వస్తారు. 2016లో ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన రెండో విడతతో పాటు స్మార్ట్ అనే పోర్టల్ పెట్టి ఈ పద్ధతి తెచ్చారు. అప్పట్లో సెంటర్లకి, హోటళ్లకి ఇచ్చినట్టే, ఒకటి నుంచి అయిదు దాకా నక్షత్రాలు కూడా ఇచ్చేవారు. ఇప్పుడు ఆ పనులన్నీ స్కిల్ ఇండియా డిజిటల్ హబ్ అనే ఇంకో పోర్టల్‌కి చేరాయి.

తమరు ఊరికే రాలేదని నాకు తెలుసు. తమరికి ముందు ప్రైవేటు ఐటీఐలకి గుర్తింపు పంచిపెట్టిన తీరు మీద, తర్వాత 2017-18లో పార్లమెంటు కార్మిక స్థాయీసంఘమే చీవాట్లు పెట్టింది. కాగితం మీద సెంటర్ ఉండి, ఆ అడ్రసులో ఏమీ లేకపోతే సర్కారు మాత్రం ఏం చేస్తుంది? కనీసం గోడ ఉందో లేదో చూద్దామని తమరిని పంపింది. న్యాయమే. ఆ గోడ దగ్గరే తమరు ఆగిపోయారు, అదీ నా గొడవ.

తమరు దయచేసిన రోజు మా సెంటర్‌ని చూసి నేనే గుర్తుపట్టలేదు. గేటు దగ్గర ఫ్లెక్సీ. మెట్ల పక్కన ర్యాంపు, ఎక్కడానికి మనిషి లేడు గానీ ఫొటోకి బాగా పనికొచ్చింది. ఏనాడూ లేని రిసెప్షన్ టేబుల్, దాని వెనక పక్కింటి అమ్మాయి. మంచినీళ్ల క్యాన్, ఫస్ట్ ఎయిడ్ పెట్టె, ఎర్రటి అగ్నిమాపక సిలిండర్లు. ఒకే బాత్రూముకి రెండు తలుపుల మీద రెండు బోర్డులు. ల్యాబ్‌లో వైర్ల ఇన్సులేషన్ పరీక్షించే మెగ్గర్, మోటార్లు, స్టార్టర్ ప్యానెల్ నిగనిగలాడుతూ ఉన్నాయి. ఆ ల్యాబ్ సామాన్లన్నీ గుంటూరు బ్రాడీపేటలో మా ఓనరు గారి బావమరిది సెంటర్ నుంచి, తెల్లవారుజామున ట్రాలీ ఆటోలో మంగళగిరి మీదుగా వచ్చాయి. తమరి లెక్క ప్రకారం ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. ఆ క్షణాన, ఆ రేఖాంశం మీద, ఆ మెగ్గర్ నిజంగానే ఉంది. అక్షాంశం గోడకి ఉంటుంది గానీ మెగ్గర్‌కి ఉండదు కదా.

మూడో బెంచీ కుర్రాడు ఒకడు, సత్తెనపల్లి నుంచి వచ్చి ఇక్కడ రూమ్ తీసుకుని ఉంటున్నాడు, మోటారు చుట్టూ రెండు ప్రదక్షిణాలు చేసి నా దగ్గరికి వచ్చాడు.

“సార్, దీని కవర్ విప్పి చూడొచ్చా?”

నేను నోరు తెరిచేలోపే ఓనరు గారు అందుకున్నారు. “మాస్టారూ, పిల్లల్ని దాని మీద చెయ్యి వేయనివ్వకండి. సాయంత్రానికి తిరిగి పంపించాలి.”

సాయంత్రానికి పంపించేశాం. కుర్రాడికి మోటారు వైండింగ్ బోర్డు మీద బొమ్మ గీసి చెప్పాను. బొమ్మ బాగానే కుదిరింది.

నా సంగతీ అంతే. ట్రైనర్లకి ట్రైనింగ్ అయినట్టు నా దగ్గర సర్టిఫికెట్ ఉంది, దాన్ని తమరు తీసుకున్నారు. నేను పాఠం ఎలా చెప్తానో, అసలు రోజూ వస్తానో రానో తమరు అడగలేదు. అడగరని తెలిసిన వాళ్లు సర్టిఫికెట్ ఒకరిది, జీతం తక్కువ తీసుకునే చెయ్యి ఇంకొకరిది పెట్టుకుంటే తమరికెలా తెలుస్తుంది?

పైన పెద్దలు లేరా అంటే ఉన్నారు. వృత్తి విద్యా శిక్షణల జాతీయ మండలిని 2018 డిసెంబరు 5న నోటిఫై చేశారు, 2020 ఆగస్టు నుంచి పని మొదలుపెట్టింది. అంతకు ముందున్న రెండు సంస్థల్ని కలిపేసుకుంది. ఆ మండలి మా మెట్లెక్కదు. సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థల్ని, పరీక్షలు పెట్టే ఏజెన్సీల్ని గుర్తిస్తుంది. సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థలు మాలాంటి సెంటర్లని గుర్తిస్తాయి. గుర్తించేవాణ్ణి గుర్తించేవాడు ఒకడు, వాణ్ణి చూసేవాడు ఇంకొకడు, చిట్టచివరి మెట్టు మీద ఫొటోగా తమరు. పాఠం చెప్పేవాడూ పరీక్ష పెట్టేవాడూ వేరుగా ఉండాలన్న ఏర్పాటు మాత్రం మంచిదే, దానికి నేను వంక పెట్టను. మా ఓనరు గారే పరీక్ష పెడితే రాష్ట్రంలో ఫెయిల్ అనే మాటే వినిపించదు.

డబ్బు లెక్క చూస్తే తమరి ప్రాముఖ్యం ఇంకా బాగా అర్థమవుతుంది. కౌశల్ వికాస్ యోజన రెండో విడతలో సెంటర్‌కి ఫీజు మూడు దఫాలుగా ఇచ్చేవారు. బ్యాచ్ మొదలైతే 30 శాతం, సర్టిఫికెట్లు వస్తే 50, ఉద్యోగాలు వస్తే 20. కుర్రాడికి అన్నం పెట్టే ఉద్యోగానికి విలువ అన్నిటికన్నా తక్కువ. 80 శాతం చేతికొచ్చాక మిగిలిన 20 కోసం ఊళ్లో ఫ్యాక్టరీల చుట్టూ తిరిగే ఓపిక ఏ ఓనరుకి ఉంటుంది? ఆ తిరుగుడుకయ్యే పెట్రోలు ఖర్చు లెక్కేసుకుని ఆగిపోతారు.

తమరి బంధువుల గురించి కూడా విన్నాను. సర్కారు లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదిక ఒకటి 2025 డిసెంబరులో పార్లమెంటు ముందుకొచ్చి ఈ పథకాన్ని తిరగేసింది. చాలామంది అభ్యర్థుల బ్యాంకు ఖాతా నంబరు గడి ఖాళీగా ఉంది, కొన్నిచోట్ల వరసగా ఒకట్లు కొట్టేశారు. వేర్వేరు రాష్ట్రాల అభ్యర్థులకి సాక్ష్యంగా ఒకే ఫొటో వాడిన సంగతీ బయటపడింది. ఒక్క మెగ్గర్‌ని 35 కిలోమీటర్లు తిప్పిన మేము ఆ ఫొటో చేసిన ప్రయాణం ముందు ఏపాటి? ఇప్పుడు తమరి నుదుట రాత మీద కూడా జనానికి అనుమానం వస్తోంది, కాస్త చూసుకోండి.

వీలు చూసుకుని ఒకసారి ఆటోనగర్ వెళ్లండి. దశాబ్దాలుగా లారీల బాడీలు కట్టి, ఇంజన్లు విప్పి బిగిస్తున్న చోటు. అక్కడ మేస్త్రీకి రిసెప్షన్ లేదు, నేలంతా ఆయిలు. ముందే నేర్చుకుని ఉన్న పనికి సర్టిఫికెట్ ఇచ్చే పథకం ఒకటి ఉంది కాబట్టి మేస్త్రీకి కాగితం రావచ్చు. ఆయన షెడ్డు సెంటర్ కావాలంటే మాత్రం తమరు ఒప్పుకోరు. అక్కడ పరీక్ష పెట్టేది లారీ డ్రైవరు. బ్రేకు పట్టకపోతే మర్నాడే తిట్టుకుంటూ తిరిగొస్తాడు. ఆటోనగర్‌ని గుడి చేసి మొక్కమనను. అక్కడ గ్లౌజులు ఉండవు, ఎర్తింగ్ ఎందుకో ఎవరూ చెప్పరు, షాక్ కొడితే అదే పాఠం. పదిహేనేళ్ల పిల్లాడు ఏళ్ల తరబడి స్పానర్లు అందిస్తూనే ఉండొచ్చు. మా గదిలో ఆ ‘ఎందుకు’ చెప్తాం, చేతికి పరికరం ఇవ్వం. ఈ రెంటినీ ఒక చోట చేర్చిన సెంటర్ ఏదన్నా ఉంటే, దానికి అయిదు కాదు, ఏడు నక్షత్రాలిచ్చినా నాకు అభ్యంతరం లేదు.

కాబట్టి నా విన్నపం. ఈసారి తారీఖు చెప్పకుండా రండి. గోడని వదిలేయండి, అది ఎక్కడికీ పోదు. మూడో బెంచీ కుర్రాడి చేతికి టెస్టర్, రెండు స్విచ్చులు, ఓ బల్బు, నాలుగు గజాల వైరు ఇచ్చి, మెట్లకి పైన ఒకటి కింద ఒకటి స్విచ్ వచ్చేలా కనెక్షన్ ఇవ్వమనండి. ఇంట్లో ఎవరైనా అడిగే మొదటి పని అదే. వెలిగినా తీయండి, ఫ్యూజు పోయినా తీయండి. టైము, తేదీతో సహా.

ఇట్లు
తమరి రేఖాంశం మీదే నిలబడి ఉన్న ట్రైనర్

తా.క.: వచ్చే మంగళవారం గుంటూరు సెంటర్ ఇన్‌స్పెక్షన్ అట. మా అగ్నిమాపక సిలిండర్లు పొద్దున్నే ట్రాలీ ఎక్కుతున్నాయి. ఆ ఒక్కరోజు ఇక్కడ ఏదీ అంటుకోకుండా చూడమని ఓనరు గారు నాకు చెప్పారు. అందుకని ప్రాక్టికల్స్ రద్దు చేశాను.