పక్క పొలంవాడితో మనకేం పని?

ఒడిశాలో మా పర్లాకిమిడి, కాశీనగరం చుట్టుపక్కల ఏ ఊళ్ళో అడిగినా ఒకటే మాట: "ఊడుపులకి మనుషులు దొరకట్లేదు." కుర్రాళ్ళంతా కేరళ, చెన్నై, సూరత్ వెళ్ళిపోయారంటారు. నిజమే. కానీ ఊళ్ళో మిగిలినవాళ్ళం కూడా ఒకరి మడిలో ఒకరం దిగడం మానేశాం. ఆ సంగతి ఎవరూ ఎత్తరు. నా బాధంతా దాని గురించే.

వెండెల్ బెర్రీ అని అమెరికా రైతు రచయిత. 1934లో కెంటకీ రాష్ట్రంలో పుట్టారు. న్యూయార్క్‌లో యూనివర్సిటీ ఉద్యోగం వదిలేసి, 1960ల్లో సొంత ప్రాంతానికి తిరిగొచ్చి, నది ఒడ్డున చిన్న కమతంలో గుర్రాలతో సేద్యం చేశారు. "పెద్ద రైతువి అవ్వు, లేదంటే తప్పుకో" అనే ధోరణిలో వాళ్ళ ప్రభుత్వం నడుస్తున్న రోజుల్లో, 1977లో, దాన్ని ఎదిరిస్తూ పుస్తకం రాశారు. అక్కడ 1935లో 68 లక్షలున్న కమతాలు 2022కి 19 లక్షలకి పడిపోయాయి. ఆయన భయం ఉత్తది కాదు.

పక్కవాడి చెయ్యి పడకపోతే నా పంట ఇంటికి రాదన్న అవసరమే ఊరిని కలిపి ఉంచుతుందని ఆయన రాతల్లో నాకు అర్థమైంది. మన దగ్గర బదులు పని అదే కదా! ఇవాళ మీ మడిలో, రేపు మా మడిలో. ఎవరి పొలమైతే అంబలి వాళ్ళది. ఎవరి ఎద్దుకి జబ్బు చేసింది, ఎక్కడ గట్టు తెగింది, ఏ విత్తనం బాగా మొలిచింది, అన్నీ ఆ నాటు వరుసలోనే తెలిసేవి. పిల్లలు చూస్తూ చూస్తూ పని పట్టుకునేవారు.

ఇప్పుడు కోత మిషను వస్తుంది, గంటల లెక్కన డబ్బు తీసుకుని పోతుంది. గడ్డి ముక్కలై పొలంలోనే పడిపోతుంది. గడ్డికుప్ప లేదు కాబట్టి ఆవుని అమ్మేశాం. ఆవు లేదు కాబట్టి గత్తం, అంటే పేడ ఎరువు, లేదు. ఏటా యూరియా బస్తాలు పెంచుతున్నాం. పక్కవాడిని వదులుకోవడం, నేలని వదులుకోవడం రెండూ ఒకసారే జరిగాయని నాకు గట్టిగా అనిపిస్తుంది.

అలాగని పాత ఊరంతా బంగారమని నేననను. బదులు పని భూమి ఉన్నవాళ్ళ మధ్యే నడిచింది. దళితవాడ నుంచి వచ్చినవాళ్ళు కూలికే వచ్చారు, అంబలి వేరే గిన్నెలో తాగారు. వాళ్ళ పిల్లలు సూరత్ నుంచి డబ్బు పంపుతుంటే "మనుషులు దొరకట్లేదు" అని ఏడ్చే హక్కు మనకి లేదు. బెర్రీ కూడా తన పూర్వీకులు బానిసల్ని ఉంచుకున్న విషయం దాచలేదు, 1970లోనే దాని మీద రాశారు.

ధర సంగతి కూడా ఆయన వదల్లేదు. వాళ్ళ నాన్న పొగాకు రైతుల సహకార సంఘం కోసం పనిచేసిన లాయరు. మనకి 2024-25లో వడ్లకి క్వింటాలుకి 2,300 మద్దతు ధర, దాని మీద ఒడిశా ప్రభుత్వం 800 ఇచ్చింది. మంచిదే, కావాలి కూడా. కానీ ఆ డబ్బులో ఎంత మిషనుకీ యూరియాకీ పోయిందో లెక్కేసి చూడండి.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను దాటాక, దారికడ్డంగా పడ్డ చెట్లు నరకడానికి గొడ్డళ్ళు పట్టుకుని అందరూ వచ్చారు. కులం అడగలేదు, కూలి అడగలేదు. అంటే చేతకాక మానేసింది కాదు.

వంశధార పక్క ఊళ్ళలో గానీ, కొండమీద సవర గిరిజనుల ఊళ్ళలో గానీ ఇంకా కలిసి పని చేసుకుంటున్నవాళ్ళు ఉంటే దయచేసి రాయండి. ఎకరం ఉన్నవాడికీ, నాలుగెకరాలున్నవాడికీ, అసలు భూమే లేనివాడికీ లెక్క ఎలా సరిచేసుకుంటున్నారు? ఈ ఊడుపులకే మా వీధిలో మొదలుపెడదామని అడుగుతున్నాను.