తలలు లెక్కబెట్టి బస్సు నడిపితే

మన దగ్గర చిన్న పల్లెకు రోడ్డు పడాలన్నా, బస్సు రావాలన్నా ముందు అడిగేది జనాభా ఎంతని. 2000లో ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మొదలైనప్పుడు మైదానాల్లో 500, కొండ, గిరిజన ప్రాంతాల్లో 250 మంది ఉండాలని గీత గీశారు. దానివల్ల మేలు జరగలేదని అనలేం. వానాకాలం వస్తే రాకపోకలు ఆగిపోయే ఎన్నో ఊళ్లకు తారు రోడ్డు పడింది. గొడవంతా ఆ గీతకు కాస్త కిందున్న ఊళ్లతోనే.

ఈ పథకం చూసేది రెవెన్యూ గ్రామాన్ని కాదు, ఆవాసాన్ని, అంటే ఒకచోట ఉన్న ఇళ్ల గుంపును. మైదానంలో 500 మీటర్ల లోపున్న ఆవాసాలను కలిపి లెక్కించవచ్చు. 300 మందితో ఒక తండా, 220 మందితో ఇంకో తండా ఉన్నాయనుకుందాం. మధ్య దూరం 400 మీటర్లయితే రెండూ గట్టెక్కుతాయి. వాగు అడ్డమొచ్చి 600 మీటర్ల దూరంలో ఉంటే రెండూ మిగిలిపోతాయి. రోడ్డు ఎక్కువ అవసరం వాగున్న చోటే కదా! పైగా 2024లో ఆమోదించిన నాలుగో దశకూ 2011 జనగణనే ఆధారం.

సరే, రోడ్డు పడింది. మరి బస్సు? అక్కడ జనాభా స్థానంలోకి ఓఆర్ (ఆక్యుపెన్సీ రేషియో, అంటే బస్సులో సీట్లు నిండిన శాతం) వస్తుంది. ఎన్ని సీట్లు నిండాయి, కిలోమీటరుకు ఎంత వచ్చింది అన్నదే డిపో లెక్క. 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం ప్రజలకు చాలినంత రవాణా సేవ అందించాలంటూనే, వ్యాపార సూత్రాల మీద నడుచుకోవాలనీ చెబుతుంది. రెండూ పొసగని చోట కోత పడేది మారుమూల పల్లెవెలుగుకే. డిపో మేనేజర్‌ను తిట్టి లాభం లేదు, ఖాళీ బస్సు తిప్పితే పైవాళ్లు నిలదీసేది ఆయన్నే.

బస్సు ఎందుకు ఖాళీ అయిందని మాత్రం ఎవరూ అడగరు. ఒక ట్రిప్పు తగ్గగానే స్తోమత ఉన్నవాళ్లు కిస్తీల మీదైనా బండి కొంటారు. దాంతో ఓఆర్ ఇంకా పడిపోయి ఉన్న ట్రిప్పూ పోతుంది. ఇక మిగిలేది బండి లేనివాళ్లు: బ్యాంకు పనికో బీపీ మాత్రలకో మండల కేంద్రానికి వెళ్లే ముసలివాళ్లు, కూలీలు, హైస్కూలు ఆడపిల్లలు. పదో తరగతి పిల్లకు స్పెషల్ క్లాసు అయ్యేసరికి సాయంత్రం ఆరవుతుంది. ఆఖరి బస్సు నాలుగున్నరకే వెళ్లిపోతే షేర్ ఆటోయే దిక్కు. డ్రైవర్‌కు అటొకరు ఇటొకరు కూర్చుంటేగానీ అది కదలదు. పిల్ల ఇల్లు చేరేదాకా తల్లికి టెన్షనే. కొన్నాళ్లకు చదువు మాన్పిస్తారు, లేదంటే కాపురం టౌనుకు మారుస్తారు. ఊళ్లో జనం తగ్గుతారు. తగ్గారు కాబట్టి బస్సు అక్కర్లేదని తేలుతుంది.

తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి మహిళలకు బస్సు ప్రయాణం ఉచితం. మంచి పథకమే. కాకపోతే బస్సు రాని ఊరి ఆడవాళ్లు ఇప్పటికీ ఆటోకు డబ్బులిచ్చుకుంటూనే ఉన్నారు.

జనగణన కూడా ఈ తేడాను పట్టుకోదు. 2011 గ్రామ వివరాల్లో బస్సు ఉందా, లేకపోతే 5 కిలోమీటర్ల లోపు దొరుకుతుందా, 10 దాటాలా అన్నది ఉంటుంది. పొద్దున ఒక్కసారి బస్సు వచ్చిపోయే ఊరికీ, గంటకొకటి తిరిగే ఊరికీ అందులో తేడా కనిపించదు.

నా మటుకు, జనాభాతో పనిలేకుండా రోడ్డున్న ప్రతి ఊరికీ రెండు ట్రిప్పులు ఖాయం చేయాలి. ఒకటి బడి వేళకు, రెండోది స్పెషల్ క్లాసులు ముగిశాక. మినీ బస్సు చాలు. ఆ రెండింటినీ ఓఆర్ లెక్కలోంచి తీసేయాలి. డబ్బులెక్కడివంటారా? మహిళల ఉచిత టికెట్ల సొమ్మును ప్రభుత్వం ఆర్టీసీకి తిరిగి చెల్లించే పద్ధతి తెలంగాణలో ఉంది. ఈ ట్రిప్పులకూ అలాగే కిలోమీటరు లెక్కన కట్టవచ్చు, సీట్లు నిండినా నిండకపోయినా.