సీ ప్రోగ్రాములో అక్షరం చెడేది ఎక్కడ?

తెరపై అక్షరాల బదులు ప్రశ్నార్థకాలో, డబ్బాలో కనిపిస్తే ముందుగా ఫాంటును అనుమానిస్తాం. సీ (C) భాషలో రాసిన ప్రోగ్రాముల్లో మాత్రం చాలాసార్లు దెబ్బ అంతకుముందే తగిలి ఉంటుంది, మల్టీబైట్ (ఒక్కో అక్షరానికి ఒకటి లేదా ఎక్కువ బైట్లు పట్టే) టెక్స్ట్‌ను వైడ్ క్యారెక్టర్లుగా (ఒక్కో అక్షరానికి ఒకే పెద్ద యూనిట్ కేటాయించే రూపంలోకి) మార్చే దశలోనే. ఈ పనికి సీ భాష 1989 ప్రమాణం నాటి నుంచే ఫంక్షన్లు ఉన్నాయి. అయినా తప్పులు ఆగలేదంటే, ఆ ఫంక్షన్లు తిరిగిచ్చే విలువను మనం పట్టించుకోకపోవడమే ప్రధాన కారణమని నా అభిప్రాయం.

'క' అక్షరాన్నే తీసుకుందాం. ప్రపంచ భాషల అక్షరాలకు సంఖ్యలు కేటాయించే యూనికోడ్‌లో దాని సంఖ్య 3093. ఆ సంఖ్యలను బైట్లుగా రాసే పద్ధతైన యూటీఎఫ్-8లో అదే 224, 176, 149 అనే మూడు బైట్లు. ఈ మూడింటిని కలిపి 3093 రాబట్టాలంటే, అవి యూటీఎఫ్-8 బైట్లని ఫంక్షన్‌కు తెలియాలి. ఆ సంగతి చెప్పేది లొకేల్, అంటే భాష, అక్షరాల కోడింగ్ వంటి సెట్టింగుల సమూహం. ప్రతి ప్రోగ్రామూ 'సీ' అనే లొకేల్‌లోనే మొదలవుతుంది. సెట్‌లొకేల్ (setlocale) ఫంక్షన్‌ను ఖాళీ స్ట్రింగ్‌తో పిలిస్తేనే యూజర్ సెట్టింగులు అమల్లోకి వస్తాయి. ఆ ఒక్క లైను మరిచిపోతే కొన్ని సిస్టమ్‌లలో మార్పిడి విఫలమవుతుంది, మరికొన్నింటిలో ఒక్కో బైటూ ఒక్కో అక్షరమైపోతుంది. రెండోదే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే ఎర్రర్ ఏదీ రాదు.

ఎర్రర్ వచ్చినా పట్టుకోవడం తేలిక కాదు. స్ట్రింగ్ మొత్తాన్ని మార్చే ఎంబీఎస్‌టోడబ్ల్యూసీఎస్ (mbstowcs) విఫలమైతే మైనస్ 1 ఇస్తుంది కానీ, ఆ విలువ టైపు సైజ్-టీ (size_t). అందులో రుణ సంఖ్యలుండవు. కాబట్టి 'ఫలితం సున్నా కంటే తక్కువా' అన్న పరీక్ష ఎప్పటికీ నిజం కాదు. ఆ మైనస్ 1 అతి పెద్ద సంఖ్యగా మారి, స్ట్రింగ్ పొడవు పేరుతో ముందుకు సాగిపోతుంది. ఫలితాన్ని ఉంచే బఫర్ సరిగ్గా నిండిపోతే ఆ ఫంక్షన్ చివర నల్ (స్ట్రింగ్ ముగింపు గుర్తు) కూడా పెట్టదు, అది మనమే చూసుకోవాలి.

పెద్ద ఫైలును ముక్కలుగా చదివేటప్పుడు అసలు పరీక్ష ఎదురవుతుంది. మూడేసి బైట్ల అక్షరాలు మాత్రమే ఉన్న ఫైలును 4096 బైట్ల చొప్పున చదివితే, మొదటి ముక్కలో 1365 అక్షరాలు పోగా ఒక బైటు మిగులుతుంది, తర్వాతి అక్షరం 'క' అయితే అది 224. ఒక్కో అక్షరాన్ని మార్చే పాత ఎంబీటోడబ్ల్యూసీ (mbtowc) దాన్ని చూసి మైనస్ 1 అంటుంది. చెడిపోయిన బైటుకూ, ఇంకా పూర్తికాని అక్షరానికీ అది తేడా చూపదు. 1995 సవరణతో వచ్చిన ఎంబీఆర్‌టోడబ్ల్యూసీ (mbrtowc) చూపుతుంది: చెడిపోతే మైనస్ 1, సగంలో ఉంటే మైనస్ 2. పైగా ఆ మిగిలిన 224ను మనమిచ్చిన స్టేట్ వేరియబుల్‌లో గుర్తుంచుకుంటుంది. తర్వాతి ముక్కను అదే స్టేట్‌తో అందిస్తే 176, 149 కలిసి అక్షరం పూర్తవుతుంది. ఇంత చక్కని ఏర్పాటు ఉండగా కొత్త కోడ్‌లోనూ పాత ఫంక్షన్‌నే వాడటం నాకు మింగుడుపడదు.

ఇంత కష్టపడి మార్చాక చేతికొచ్చేది ఏమిటన్నది మరో ప్రశ్న. ఒక యూనిట్‌కు ఒక అక్షరం అన్నది వైడ్ క్యారెక్టర్ ఆశయం. విండోస్‌లో దాని వెడల్పు 16 బిట్లే. అందుకే 65,535 దాటిన ఎమోజీలు అక్కడ రెండు యూనిట్లు తీసుకుంటాయి. లినక్స్‌లో 32 బిట్లు కాబట్టి ఆ చిక్కు లేదు. ఇలా వెడల్పు సిస్టమ్‌ను బట్టి మారుతుంది కాబట్టి ఫైళ్లలోకీ నెట్‌వర్క్‌లోకీ వైడ్ క్యారెక్టర్లను నేరుగా పంపకూడదు. టెక్స్ట్‌ను లోపలంతా యూటీఎఫ్-8గానే ఉంచి, విండోస్ సిస్టమ్ ఫంక్షన్ల వంటివి తప్పనిసరిగా అడిగినచోట మాత్రమే మార్చడం మేలు.

32 బిట్లున్నా 'శ్రీ' ఒక్క యూనిట్‌లో ఇమడదు. శ, పొల్లు, ర, దీర్ఘం కలిపి నాలుగు. యూనిట్లు లెక్కపెట్టి కర్సర్‌ను జరిపే ఎడిటర్, మార్పిడి నిక్కచ్చిగా జరిగినా ఆ అక్షరం మధ్యలోనే ఆగుతుంది. అక్షరాల సరిహద్దులు కావాలంటే ఐసీయూ (ICU) లాంటి యూనికోడ్ లైబ్రరీని పిలవాల్సిందే, సీ ప్రామాణిక లైబ్రరీలో ఆ సదుపాయం లేదు.