ఫలితం పుట్టేది పోలింగ్ గదిలోనే

కెన్యా ఎన్నికల మాట రాగానే మనవాళ్ల చర్చ తెగల లెక్కల మీదికి వెళ్లిపోతుంది. కికుయులు ఎటు, లువోలు ఎటు అని. ఆ లెక్కలు ముఖ్యమే. కానీ 2007 డిసెంబరు ఎన్నిక తర్వాత వెయ్యి మందికి పైగా ప్రాణాలు కోల్పోయిన హింసకు నిప్పంటించింది ఫలితం మీద అపనమ్మకం. పోలింగ్ కేంద్రాల్లో తేలిన అంకెలు, నైరోబీలో ప్రకటించిన అంకెలు ఒకటేనని జనానికి ఎవరూ చూపించలేకపోయారు. అందుకే ఆ దేశంలో ఎన్నిక ఎలా జరిగిందో తెలియాలంటే ముందు చూడాల్సింది ఒక్కో పోలింగ్ కేంద్రం ఫలితం రాసే ఫారం 34ఏ అనే ఒక్క కాగితాన్ని.

కెన్యా ఓటరు ఒకేరోజు ఆరు ఓట్లు వేస్తాడు: అధ్యక్షుడు, గవర్నరు, సెనేటరు, ఎంపీ, మహిళా ప్రతినిధి, వార్డు సభ్యుడు. ఒక్కో కేంద్రానికి 700 మందికి మించి ఓటర్లు ఉండరు. పోలింగ్ ముగిశాక పెట్టె ఎక్కడికీ కదలదు. అదే గదిలో, ఏజెంట్ల ఎదుట, ముందుగా అధ్యక్షుడి ఓట్లు లెక్కిస్తారు. ప్రిసైడింగ్ అధికారి 34ఏ నింపి, ఏజెంట్ల సంతకాలు తీసుకుని, వాళ్లకు ప్రతులిచ్చి, ఒకటి తలుపుకు అంటిస్తాడు. ఓటరు వేలిముద్ర సరిచూసిన యంత్రంతోనే దాన్ని ఫొటో తీసి జాతీయ కేంద్రానికి పంపుతాడు. నియోజకవర్గంలోని 34ఏలన్నీ కూడితే 34బీ, దేశం మొత్తానికి 34సీ. గెలవాలంటే సగానికి పైగా ఓట్లతోపాటు, 47 కౌంటీల్లో (మన జిల్లాల్లాంటివి) కనీసం 24 చోట్ల 25 శాతమైనా రావాలి.

మన పంచాయతీ ఎన్నికలు చూసినవాళ్లకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. బ్యాలెట్ పత్రాలే, పోలింగ్ రోజే లెక్కింపు. అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికల్లో యంత్రాలు స్ట్రాంగ్‌రూముల్లో కాపలా మధ్య ఉంటాయి కాబట్టి మన అనుమానాలన్నీ ఆ తలుపుల చుట్టూ తిరుగుతాయి. కెన్యాలో పెట్టె కదలదు, కాగితం కదులుతుంది. అనుమానమూ దాని వెంటే నడుస్తుంది.

2017 ఆగస్టు అధ్యక్ష ఎన్నికలో జరిగింది అదే. అంకెలు తెర మీద గబగబా పెరిగాయి. వాటికి ఆధారమైన 34ఏలు మాత్రం వెంట రాలేదు. 11 వేలకు పైగా కేంద్రాల్లో ఫొటో పంపడానికి సరిపడా సిగ్నలు లేదని ఎన్నికల సంఘం పోలింగ్‌కు ముందే చెప్పింది. అయినా 34ఏలన్నీ అందకముందే ఫలితం ప్రకటించింది. సర్వర్లు చూపించమని సుప్రీంకోర్టు ఆదేశిస్తే పూర్తిగా చూపలేదు. ప్రధాన న్యాయమూర్తి డేవిడ్ మరగా ఉన్న ధర్మాసనం 4-2తో ఎన్నికను రద్దు చేసింది. ఆఫ్రికాలోనే మరో దేశం మలావీలో 2019 ఫలితాల పత్రాల మీద అంకెలను వైట్‌నర్‌తో దిద్దారు. అక్కడి కోర్టు కూడా 2020 ఫిబ్రవరిలో ఎన్నికను కొట్టేసింది, తిరిగి జరిగిన పోలింగ్‌లో ప్రతిపక్షమే గెలిచింది.

2022లో కెన్యా ఎన్నికల సంఘం 46,229 కేంద్రాల 34ఏల ఫొటోలను అందరికీ కనిపించేలా వెబ్‌సైట్‌లో పెట్టడం మొదలుపెట్టింది. అధ్యక్షుడిగా గెలిచినట్టు ప్రకటించిన విలియం రూటోకు 50.49 శాతం, ప్రత్యర్థి రైలా ఒడింగాకు 48.85. ఏడుగురు కమిషనర్లలో నలుగురు ఆ ఫలితం తమది కాదన్నారు. 2007లో ఇలా జరిగి ఉంటే ఏమయ్యేదో ఊహించడానికే భయమేస్తుంది. ఈసారి కాగితాలు జనం చేతిలో ఉన్నాయి. వెబ్‌సైట్‌లోని ఫారాలకూ అసలు ఫారాలకూ చెప్పుకోదగ్గ తేడా లేదని కోర్టు పరిశీలనలో తేలింది.

అయితే పని సగమే అయింది. 2017లో కాగితం లేని అంకెలిస్తే, 2022లో కూడిక లేని కాగితాలిచ్చారు. టీవీ ఛానళ్లు తలా కొన్ని ఫారాలు తీసుకుని కూడుకోవడంతో ఒక్కో తెర మీద ఒక్కొక్కరు ముందున్నట్టు కనిపించారు. ఇంకో లోపం దీనికంటే లోతైనది. ప్రత్యర్థి ఏజెంటు లేని గదిలో దొంగ ఓట్లు పడితే, 34ఏ ఆ తప్పుడు అంకెనే నిక్కచ్చిగా నైరోబీకి చేరుస్తుంది. ఫొటో దాన్ని పట్టుకోలేదు. 46 వేల గదులకు నమ్మకమైన మనిషిని పంపి, తిండి, దారి ఖర్చులిచ్చి, సంతకం చేసేముందు ఏం చూడాలో నేర్పడం పార్టీల పని. చాలా చోట్ల ఓడేది అక్కడే.

తర్వాతి ఎన్నిక 2027 ఆగస్టు 10న. 2023 జనవరి నుంచి 2025 జులై దాకా ఎన్నికల సంఘంలో కమిషనర్లే లేరు. పోయిన ఆ రెండున్నరేళ్లు తిరిగి రావు. ప్రతి 34ఏ ఫొటో పక్కనే దాని అంకెలను ఎవరైనా డౌన్‌లోడ్ చేసి కూడుకునే పట్టికగా పెట్టడానికి మాత్రం ఇంకా వ్యవధి ఉంది.