బౌన్స్ కొడితే బలం రెట్టింపు కాదు తమ్మీ

పది పదిహేను రోజులుగా హన్మకొండలో నాకు తెలిసిన జిమ్ గ్రూపులన్నిటిలో ఒకే మెసేజ్ తిరుగుతోంది, దానికి తోడు ఒక చిన్న వీడియో. చూడని వాళ్ల కోసం అందులో ఉన్నది చెప్తాను. కండరం రబ్బరు బ్యాండు లాంటిదట, ఎంత సాగదీస్తే అంత బలమట. అందుకని బరువు ఎత్తే ముందు తొడలను, ఛాతీని మూడేసి నిమిషాలు స్ట్రెచ్ చేయాలట. బరువు బార్ భుజాల మీద పెట్టుకుని గుంజీ తీసే స్క్వాట్‌లో సర్రున కిందికి పడి బౌన్స్ కొట్టాలట, బల్ల మీద పడుకుని ఎత్తే బెంచ్ ప్రెస్‌లో బార్‌ను ఛాతీకి కొట్టి లేపాలట. కింద ఆగేవాడు బలం వృథా చేసుకుంటున్నాడట. ఒలింపిక్ లిఫ్టర్ల రహస్యం ఇదేనట, ఇట్లా చేస్తే నెలలో బలం రెట్టింపట.

చదివాక నాకు కోపం కంటే భయం ఎక్కువ వేసింది. దీన్ని ఫార్వర్డ్ చేస్తున్నది ఎక్కువగా పద్దెనిమిది, ఇరవై ఏళ్ల పిల్లలు. పొద్దున గ్రౌండ్‌లో కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు పరిగెత్తి, సాయంత్రం నయీంనగర్‌లో నేను వెళ్లే జిమ్‌కు వస్తారు. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో అనే టెన్షన్ ఒకపక్క, ఇంట్లో వాళ్ల ఎదురుచూపు ఒకపక్క. నెలలో రెట్టింపు అంటే ఎవరికి ఆశ పుట్టదు?

ముందు అందులో ఉన్న ఒక్క నిజం ఒప్పుకోవాలి. బిగిసి ఉన్న కండరం కొంచెం సాగి, ఆ వెంటనే ముడుచుకుంటే, కదలకుండా ఆగి మొదలుపెట్టినప్పటికంటే ఎక్కువ శక్తి వస్తుంది. ఇది మీరు ఇప్పుడే ఇంట్లో చూసుకోవచ్చు. మామూలుగా పది గుంజీలు తీయండి. తర్వాత ఇంకో పది తీయండి, ఈసారి ప్రతిసారీ కింద కదలకుండా మూడు లెక్కపెట్టి లేవండి. రెండో పది ఎంత బరువుగా ఉంటాయో తొడలే చెప్తాయి. ఎనుమాముల మార్కెట్లో హమాలీలు ఇద్దరు చెరోవైపు పట్టుకుని మిర్చి బస్తాను లారీ మీదికి వేసేటప్పుడు గమనించండి, ఒకసారి వెనక్కి ఊపి, ఆ ఊపులోనే పైకి విసురుతారు. వెనక్కి ఊపి అక్కడే ఆగిపోతే ఆ ఊపు పోయినట్టే, మళ్లీ మొదటి నుంచి ఎత్తాలి.

ఇక రబ్బరు బ్యాండు సంగతి. రబ్బరును ఎవరు లాగినా సాగుతుంది, వదిలితే వెనక్కి వస్తుంది, దానికి బిగింపు అక్కర్లేదు. కండరం అట్లా కాదు. వదులుగా ఉన్న కండరాన్ని ఎంత సాగదీసినా తిరిగి ఇచ్చేది దాదాపు ఏమీ ఉండదు. అది గట్టిగా బిగిసి ఉంటేనే, దాన్ని ఎముకకు కట్టి ఉంచే టెండన్ లారీ కమాన్ కట్టల్లాగా కొద్దిగా సాగి శక్తిని దాచుకుంటుంది, వెంటనే తిరిగి ఇచ్చేస్తుంది. పైగా ‘ఎంత సాగితే అంత బలం’ అనేది పూర్తిగా తప్పు. కండరంలోని సన్నని పోగులు ఒకదాని మీద ఒకటి తగినంతగా కప్పుకుని ఉన్నప్పుడే ఎక్కువ లాగగలవు, మరీ సాగిపోతే ఆ పట్టు తగ్గి బలమూ తగ్గుతుంది. డాక్టర్ మోకాలి చిప్ప కింద చిన్న సుత్తితో కొడితే కాలు ఎగురుతుంది కదా, అదే స్ట్రెచ్ రిఫ్లెక్స్. తొడ కండరం చటుక్కున సాగిందన్న కబురు వెన్నుపాముకు వెళ్లి, ముడుచుకోమనే జవాబు తిరిగి రావడానికి 50 మిల్లీసెకన్లు కూడా పట్టదు. అంటే దానికి కావాల్సింది వేగంగా, కొద్దిగా సాగడం. మెసేజ్‌లో చెప్పిన మూడు నిమిషాల సాగతీతకూ దీనికీ సంబంధమే లేదు.

ఆ మూడు నిమిషాల సలహా అయితే ఉల్టా పనిచేస్తుంది. ఒక్కో కండరాన్ని ఒక నిమిషానికి మించి కదలకుండా సాగదీసి పట్టుకుంటే, ఆ తర్వాత కాసేపు దాని బలం కొంచెం తగ్గుతుందని ఎన్నో పరిశోధనల్లో తేలింది. తగ్గేది కొద్ది శాతమే, కానీ బలం పెరగడానికి చేసే పని బలం తగ్గిస్తే దేనికి? ఖాళీ బార్‌తో ఒకటి రెండు సెట్లు, కొంచెం బరువుతో ఇంకొకటి, వార్మప్‌కు అది చాలు. మడమలు, తుంటి బిగుసుకుపోయిన వాళ్లు స్ట్రెచింగ్ తప్పక చేయాలి, కాకపోతే వ్యాయామం అయ్యాక. (మా తాత గంటసేపు గొంతుక్కూర్చుని బీడీ తాగుతూ ముచ్చట చెప్పేవాడు. ఇప్పటి పిల్లల్లో చాలామందికి మడమ లేవకుండా రెండు నిమిషాలు అట్లా కూర్చోరాదు, నాకు నిజంగా బాధేస్తుంది.)

సర్రున కిందికి పడాలన్న మాట దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే దెబ్బ తగిలేది ఇక్కడే. మొన్న గురువారం ఒక తమ్ముడు 90 కిలోలు పెట్టుకుని స్క్వాట్ చేస్తున్నాడు. వీడియోలో ఉన్నట్టే ఒక్కసారిగా కూలబడ్డాడు. అట్టడుగున నడుము గుండ్రంగా వంగిపోయింది, మడమలు లేచాయి, కుడి మోకాలు లోపలికి వాలింది, ప్లేట్లు గల్లుమన్నాయి, ఎట్లాగో పైకి వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. ‘ఎట్లుందన్నా?’ అన్నాడు. బరువు 75కు దించి, మెల్లగా కూర్చుని కింద మూడు లెక్కపెట్టి లేవమన్నాను. రెండు దగ్గరే ఛాతీ ముందుకు వాలిపోయింది, బార్ ర్యాక్ సేఫ్టీ రాడ్ల మీద పడింది. ‘కింద ఆగితే లేవొస్తలేదన్నా, నాకు బలం లేదా?’ అన్నాడు. బలం ఉంది తమ్మీ, కానీ కింది జానెడు ఎత్తులో లేదు, అక్కడ నిన్ను లేపుతున్నది నీ తొడలు కాదు అన్నాను.

అతన్ని లేపిందేమిటి? పిక్క తొడకు ఆని నొక్కుకోవడం, వదులుగా వదిలేసిన కీళ్లు చివరిదాకా వెళ్లి తగలడం, కొంత ఊపు. పడుతున్న 90 కిలోలను బెత్తెడు దూరంలో ఆపాలంటే, ఆ క్షణంలో మోకాళ్లూ నడుమూ మోసేది 90 కాదు, అంతకంటే చాలా ఎక్కువ. 1977లో అచ్చయిన ఒక అధ్యయనం ఉంది. పోటీలో జర్క్ కోసం, అంటే భుజాల మీది బార్‌ను తల పైకి లేపడం కోసం, మోకాళ్లు వంచి కిందికి దిగి, పైకి తిరిగే చోట ఒక లిఫ్టర్ మోకాలి టెండన్ తెగిపోయింది. అది కెమెరాలో పడింది కాబట్టి లెక్క కట్టారు. ఆ టెండన్ మీద పడ్డ బలం అతని శరీర బరువుకు దాదాపు 17.5 రెట్లు. అతను ఏళ్ల తరబడి సాధన చేసిన మనిషి. ఇట్లాంటిది అరుదు, దీంతో భయపెట్టాలని కాదు, కింద తిరిగే ఆ ఒక్క క్షణంలో ఎంత భారం పడుతుందో తెలియాలని చెప్తున్నాను. అలాగని లోతుగా కూర్చుంటేనే మోకాళ్లు పోతాయనే పాత మాట కూడా నమ్మకండి. 1961లో అమెరికాలో కార్ల్ క్లైన్ అట్లా అన్నాడు, తర్వాతి పరిశోధనలు దాన్ని బలపరచలేదు. బాగున్న మోకాలికి లోతు శత్రువు కాదు, పట్టు వదిలేసి కూలబడటమే ప్రమాదం.

ఆగేవాడు బలం వృథా చేస్తున్నాడా? ఆగితే రీబౌండ్, అంటే సాగి వెంటనే ముడుచుకున్నప్పుడు వచ్చే ఆ అదనపు శక్తి, పోతుంది, నిజమే. 1991లో ఆస్ట్రేలియాలో బెంచ్ ప్రెస్ మీద దీన్ని కొలిచారు, సెకను ఆగితే సగానికి పైగా పోయింది, నాలుగు సెకన్లకు దాదాపు ఏమీ మిగల్లేదు. కానీ అందుకే కదా ఆగడం! ఊపు సాయం లేకుండా కండరమే పని చేయాలి, అప్పుడే అక్కడ బలం పెరుగుతుంది. పైగా స్క్వాట్‌లో చాలామంది ఇరుక్కునేది అట్టడుగున కాదు, తొడలు నేలకు సమాంతరం దాటి కొంచెం పైకి వచ్చాక. అక్కడికి చేరేసరికి రీబౌండ్ దాదాపు ఖర్చయిపోతుంది. వేగం కాస్త మిగిలితే కొందరు దాటేస్తారు, బరువు పెరిగిన రోజు అదీ చాలదు.

రెట్టింపు అనేది ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థం కాలేదు. మోకాళ్లు వంచి ఆగి ఎగిరినప్పటికీ, చటుక్కున వంగి ఎగిరినప్పటికీ తేడా కొన్ని సెంటీమీటర్లే. అందులోనూ దాచుకున్న స్ప్రింగ్ శక్తి వాటా కంటే ఇంకో కారణం పెద్దదని 1996లో నెదర్లాండ్స్ పరిశోధకులు చూపించారు. కండరం పూర్తిగా బిగుసుకోవడానికి కొంత సమయం పడుతుంది, ముందు కిందికి దిగితే ఆ సమయం దొరికి, పైకి మొదలయ్యేసరికే బిగిసి ఉంటుంది. కాబట్టి ఇంకా లోతుగా, ఇంకా జోరుగా పడటం వల్ల వచ్చే లాభం కాదిది.

ఒలింపిక్ లిఫ్టర్ల రహస్యం అన్నారు. నేల మీది బార్‌ను భుజాల మీదికి తెచ్చుకునే క్లీన్‌లో బార్ పట్టుకుని పూర్తిగా కూర్చుని, ఆ రీబౌండ్ మీద లేవడం వాళ్లు చేస్తారు, దాచిందేం లేదు. మన శ్రీకాకుళం బిడ్డ కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జర్క్‌లో 130 కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఆ స్థాయికి వెళ్లేవాళ్లు చిన్నప్పటి నుంచి ఏళ్లకేళ్లు స్క్వాట్లు చేసి ఉంటారు, బార్ కింద వీపు ఇంచు కూడా వంగకుండా కూర్చోగలరు. టెండన్లు గట్టిపడటానికి నెలలు, ఏళ్లు పడుతుంది, కండరమంత తొందరగా అవి మారవు. ఎత్తు నుంచి దూకి వెంటనే ఎగిరే డెప్త్ జంప్‌లను పద్ధతిగా తెచ్చిన సోవియట్ కోచ్ వెర్ఖోషాన్‌స్కీ కూడా ముందే బలం ఉన్నవాళ్లకు, కొద్ది మోతాదులోనే అన్నాడు.

బెంచ్ సంగతి రెండు ముక్కలు. పవర్‌లిఫ్టింగ్ పోటీల్లో బార్ ఛాతీ మీద కదలకుండా ఆగాక, రెఫరీ ‘ప్రెస్’ అంటేనే ఎత్తాలి. పక్కటెముకల మీద కొట్టి లేపింది లెక్కలోకి రాదు.

లాంగ్ జంప్ చేసే పిల్లలకు మాత్రం రీబౌండ్ నిజంగానే కావాలి, అక్కడ పాదం నేలను తాకి లేచేది సెకనులో ఎనిమిదో వంతులోనే. దానికి బరువుల మీద కూలబడనక్కర్లేదు. వారానికి రెండు రోజులు, ఒంట్లో అలసట లేనప్పుడు, మెత్తని నేల మీద ఇరవై ముప్పై గెంతులు చాలు. స్క్వాట్‌లో బిగువు సడలకుండా దిగి ఆగకుండా లేవండి, ఒక రోజు మాత్రం తక్కువ బరువుతో కింద రెండు మూడు సెకన్లు ఆగి లేవండి.

ఆ తమ్ముడు ఇప్పుడు 65తో ఆగి లేస్తున్నాడు. నిన్న నాలుగో రెప్‌లో మడమ కొంచెం లేవగానే తనే ఆపేసి బార్‌ను ర్యాక్ మీద పెట్టాడు. నేనేమీ చెప్పలేదు. నీళ్లు తాగొచ్చి, రెండు పక్కలా రెండున్నర కిలోల చొప్పున తీసి మళ్లీ బార్ కిందికి వెళ్లాడు.